సంతకం పెట్టే ముందు

నాచుపల్లి జేఎన్టీయూలో బీటెక్ చదివినా, సిరిసిల్ల పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినా, కొలువులో చేరిన కొత్తలోనే మీ ముందుకో కాగితం వస్తుంది. ‘సార్, ఇక్కడొక సంతకం’ అంటారు. వృత్తి నీతికి అసలు పరీక్ష అక్కడే. పాటించాల్సిన సూత్రం చిన్నదే: కళ్లతో చూసిందే రాయాలి, సరిచూసుకున్న దానికే సంతకం పెట్టాలి.

పరీక్ష హాలు నుంచే మొదలు

2023 మార్చి 5న రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ (టీఎస్‌పీఎస్సీ) అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) పరీక్ష పెట్టింది. పోస్టులు 833. పేపరు ముందే అమ్ముడుపోయిందని తేలడంతో పది రోజులకే రద్దు చేసింది. కోచింగులకు అప్పులు చేసి చదివినవాళ్లంతా నష్టపోయారు. పేపరు కొని కొలువు సంపాదించినవాడు రేపు కాంట్రాక్టరును సిమెంటు లెక్క ఏ మొహంతో అడుగుతాడు? ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనడం, రెజ్యూమెలో లేని ఎక్స్‌పీరియెన్స్ చూపించడం కూడా ఇదే దారి. పీఎఫ్ ఖాతాలో మీరెక్కడ, ఎన్నాళ్లు పనిచేశారో ఉంటుంది. కంపెనీలు అది చూస్తే అబద్ధం దొరికిపోతుంది.

ఎం-బుక్ విలువ

కోరుట్లలో ఒక మురికికాలువ పని మీ చేతికొచ్చిందనుకోండి. అడుగున బెడ్ కాంక్రీటు ఎంత మందం పోశారో, పైన కప్పేశాక ఎవరికీ కనిపించదు. అందుకే పోసే రోజు టేపు పట్టుకుని మీరే దిగాలి. ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, మీరు రాసే కొలతే బిల్లుకు ఆధారం. కాంక్రీటు బలం పరీక్షించే క్యూబులు కూడా సైటులో పోస్తున్న మాల్‌తోనే, మీ ఎదుటే నింపించండి. పరీక్ష కోసం విడిగా చిక్కటి మాల్ కలిపి నింపితే 28 రోజుల ఫలితం బాగానే వస్తుంది, గోడ మాత్రం నిలవదు.

నష్టం ఎంత పెద్దదో మన ప్రాంతానికి తెలుసు. 2016 సెప్టెంబరు వానలకు మాన్వాడ దగ్గర కడుతున్న మిడ్‌మానేరు మట్టికట్టకు గండి పడింది. దిగువ పల్లెల జనం ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ ఏడో బ్లాకు కుంగింది. ప్లానింగ్, డిజైన్, నాణ్యత తనిఖీ, నిర్వహణ అన్నింటిలో లోపాలున్నాయని జాతీయ డ్యాం భద్రతా సంస్థ చెప్పింది. ఆ తర్వాత దానిపై విచారణ జరిపిన జస్టిస్ ఘోష్ కమిషన్ ముందు ఇంజినీర్లు వరుసగా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. పైవాళ్లు చెప్పారన్న మాట అలాంటి చోట మిమ్మల్ని కాపాడదు. ఒత్తిడి వస్తే వాదనకు దిగకండి. మర్యాదగానే మీ అభ్యంతరం ఫైల్లో రాయండి, తేదీ వేయండి. ప్రాణాలకు ముప్పున్న పనైతే రాతపూర్వక ఆదేశమున్నా ఆపించండి.

సిరిసిల్ల సెస్‌లాంటి విద్యుత్ సంస్థలో చేరితే నీతి పేరు ఎల్‌సీ, అంటే కరెంటు ఆపామని ఇచ్చే లైన్ క్లియర్. అది పక్కాగా ఇవ్వకుండా లైన్‌మన్‌ను స్తంభం ఎక్కించకూడదు. తొందరలో నోటిమాటతో సరిపెట్టడం ఒక ఇంటిదీపం ఆర్పేయగలదు.

పర్సెంటేజీలు

బిల్లుల్లో పర్సెంటేజీ ‘అందరూ తీసుకునేదే’ అంటారు. లంచం తీసుకున్న ఉద్యోగికి అవినీతి నిరోధక చట్టం కింద 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2018 సవరణతో ఇచ్చేవాడూ నేరస్తుడే. బలవంతం మీద ఇచ్చినవాడు 7 రోజుల్లో ఫిర్యాదు చేస్తే మినహాయింపు ఉంది. ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064.

మాట తీరు

ఇరవై రెండేళ్ల ఏఈ అరవై ఏళ్ల మేస్త్రీని ‘నువ్వు’ అంటే, ఆయన సైటులో లోపం కనిపించినా చెప్పడు. ‘మీరు’ అనండి. కాలువ కోసం భూమి ఇచ్చిన రైతు అడిగితే విసుక్కోకుండా మ్యాపు పరిచి చూపించండి. జీన్సులు, మాండలికం సమస్య కాదు, సమయానికి రావడం, ఫోనెత్తడం ముఖ్యం.

ఇప్పుడే చేయాల్సినవి

ప్రాజెక్టు సొంతంగా చేయండి, చిన్నదైనా పర్లేదు. ఇంటర్న్‌షిప్‌లో రోజూ సైటు డైరీ రాయండి: ఏం చూశారు, ఏం కొలిచారు, ఎవరు ఏం చెప్పారు. ఇంటర్వ్యూలో ‘పై అధికారి తప్పుడు బిల్లు మీద సంతకం పెట్టమంటే ఏం చేస్తావు?’ అని అడిగితే, నీతివాక్యాలు వల్లించే పని లేదు. కొలతలు మళ్లీ తీసుకుంటాను, తేడా ఉంటే రాసిస్తాను, సంతకం పెట్టను అని చెప్పండి.