కొండ పచ్చనైతే పాడి పచ్చన

సంఘాల తనిఖీకి వెళ్లినచోట మేము తరచు వినే మాట: "అయ్యా, కొండమీద మేత లేదు, పాలెక్కడివి?" సభ్యులారా, హర్యానాలో శివాలిక్ కొండల కింది సుఖోమాజ్రి గ్రామం కథ వినండి.

అక్కడ మేకలు, పశువులు విచ్చలవిడిగా మేసి కొండ బోడి అయింది. వానకు మట్టి కొట్టుకుపోసాగింది. చండీగఢ్‌లో 1958లో ఏర్పడిన సుఖ్నా సరస్సు పూడుతుండగా, ఆ మట్టి ఎక్కడిదని వెదకుతూ నేల సంరక్షణ శాస్త్రజ్ఞుడు శ్రీ పి.ఆర్. మిశ్రా ఆ ఊరు చేరారు. 1976లో మట్టికట్ట వేసి వాననీరు నిలిపారు. నీరు పొలాలకు అందగానే గ్రామస్థులకు బోధపడింది: కొండపై మేపు ఆపకపోతే కట్టవెనుక కుంట కూడా పూడుతుంది.

కంచె వేయకుండానే ఎవరి పశువులను వారు ఆపుకొన్నారు. భూమిలేని కుటుంబాలకు సైతం నీటిలో వాటా ఇచ్చారు. గడ్డి, చెట్లు తిరిగి లేచాయి. గడ్డి కోసి తెచ్చి కొట్టంలోనే మేపారు. మేకలు తగ్గి గేదెలు పెరిగాయి, పాలూ పెరిగాయి.

మీ ఊరి కొండను గూర్చి సర్వసభ్య సమావేశంలో చర్చించండి. ముందుగా ఒకటి తేల్చుకోండి: మేపు ఆపితే నష్టపడేదెవరు? వారికి వాటా లేని తీర్మానం మినిట్సు పుస్తకంలోనే ఉండిపోతుంది.