సంపన్న దేశముల ధర్మము

మదుర రైలు నిలయమున కెదుటనున్న రాణి మంగమ్మ సత్రమును మన విద్యార్థు లనేకులు చూచియుందురు. 1689 నుండి మనుమని పక్షమున మదుర రాజ్యమును పాలించిన యామె బాటలు వేయించి, వాని వెంట సత్రములు కట్టించినది. సత్రమున భుజించు బాటసారిని మన పెద్దలు యాచకు డనలేదు, అతిథి యనిరి. అన్నము పెట్టుట కలిగినవాని దయ కాదు, విధి యని వారి తలంపు. ఈ ధర్మము నేటి సంపన్న దేశములకును చెల్లునా యని యిచట విచారింతము.

“ఆ దేశములు స్వశక్తిచే ధన మార్జించినవి. పరదేశముల పేదలకేల పెట్టవలెను?” అని కొందఱందురు. దీనికి మన చరిత్రయే సమాధానము. 1876-78 నాటి ధాత కరువున మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనులు మరణించిరి. ఆ కాలముననే యీ దేశపు ధాన్యము ఓడల కెక్కి విదేశములకు పోవుచుండెను. 1877లో లండను నగరమున చందాలు పోగుచేసి క్షామనిధిని పంపిరి. ఇచ్చిన పౌరుల సౌజన్యము మఱవరానిది. అయినను ఒక చేత తీసికొని వేఱొక చేత నిచ్చినది కేవలము దానము కాదు. అందు ఋణశేషమును కలదు.

మఱి యెంత యీయవలెను? సంపన్న దేశములు తమ జాతీయాదాయమున నూటికి 0.7 వంతు, అనగా 100 రూపాయలకు 70 పైసలు, సహాయముగ నీయవలెనని 1970లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ నిర్ణయించెను. నార్వే, స్వీడను వంటి కొలది దేశములే ఆ మేర నందుకొన్నవి. తక్కినవానిలో పెక్కింటికి ఆ 70 పైసలును బరువే యైనవి.

ధన మొక్కటియే చాలదు. 1974 నుండి 2004 తుది వఱకు ధనిక దేశములు బీద దేశముల వస్త్రముల దిగుమతికి పరిమితులు విధించినవి. నూలుమిల్లులపై బ్రతుకు కోయంబత్తూరు సీమ తల్లిదండ్రులకు దీని భావము విప్పి చెప్ప నక్కఱలేదు. సహాయము చేయుదు ననువాడు శ్రమించువాని సరకునకు తలుపు మూయరాదు.

“ఉచితముగ నిచ్చిన జనులు సోమరులగుదు” రని మఱియొక యాక్షేపణ. ఇచ్చు విధమును బట్టి ఫలముండును. డాక్టరు గోవిందప్ప వేంకటస్వామిగారు 1976లో, ప్రభుత్వోద్యోగ విరమణానంతరము, మదురలో 11 పడకలతో అరవింద నేత్రవైద్యశాలను స్థాపించిరి. అచట చెల్లింపగలవారి రుసుముతో పేదలకు ఉచిత చికిత్స జరుగును. శుక్లములు తీసిన కంట నమర్చు కటకము విదేశములనుండి రావలసియున్న దినములలో దాని వెల సుమారు 100 డాలర్లు. అమెరికాలోని సేవా సంస్థ కటకములను దానమిచ్చుటతో ఆగక, వానిని చేయు విద్య మదురకు చేరుటకు తోడ్పడెను. 1992లో అరోల్యాబ్ కర్మాగారము వెలసెను. కటకము వెల సుమారు 10 డాలర్లకు దిగెను. నేడు మదుర కటకములు నూఱుకు పైగా దేశముల కేగుచున్నవి. దానమిచ్చిన కటకము ఒక కంటికే వెలుగు. నేర్పిన విద్య లెక్కకు మిక్కిలి కన్నులకు వెలుగు.

విద్యార్థులారా! సహాయమందు దేశము తక్కువది కాదు, నేర్చుకొనుటలో సిగ్గు లేదు. అయితే నేర్చినదానిని మనకంటె వెనుకబడినవారికి నేర్పు భారము మనపైనను కలదు. నేడు సంపన్న దేశములనుండి మనము కోరు ధర్మమును, రేపు మనకు కలిమి కలిగిననాడు ఇతరులు మననుండి కోరుదురు.