నురగంతా సబ్బుది కాదు

గోదావరిఖని

బిడ్డా,

తొలి వానలకు గోదావరి ఒడ్డున తేలే నురగ మన కాలనీల సబ్బు నీళ్లదేనా అని అడిగినవ్. కొంత అదే. అంతా అదే అనుకుంటే మాత్రం నీ ప్రాజెక్టు మొదట్లనే దారి తప్పుతది.

సబ్బుల పనిచేసే సర్ఫాక్టెంట్ అణువుకు ఒక కొస నీళ్లను కోరుతది, ఇంకో కొస జిడ్డునూ మసినీ కోరుతది. మీ నాయిన డ్యూటీ బట్టల్ల బొగ్గు పొడి ఉత్త నీళ్లకు తడవదు. సబ్బు తోక బొగ్గును పట్టి, తల నీళ్ల దిక్కు తిరిగితేనే ఆ నలుపు కదుల్తది. గనుల్ల దుమ్ము అణచే నీళ్లల్ల తడిపే మందు కలిపేది కూడా ఇందుకే.

ఇగ నీళ్లల్ల ముందే ఉన్న సరుకు. ఆకులు, వేర్లు కుళ్లి దిగిన హ్యూమిక్ ఆమ్లాలు వాగు నీళ్లకు డికాషన్ రంగు తెస్తయ్. మన బొగ్గూ పాతిక కోట్ల ఏండ్ల కిందటి చెట్లే కదా. ఆరుబయట గాలికి పాతబడితే దాన్నుంచీ ఇవి పుడ్తయ్. వీటిల్ల కూడా నీళ్లంటే ఇష్టమున్న భాగాలు, లేని భాగాలు ఉంటయ్. సబ్బు ముఖమే చూడని అడవి వాగుల్ల నురగ లేచేది అందుకే.

రెండూ కలిస్తే ఏమైతదన్నది విద్యుదావేశాన్ని బట్టి ఉంటది. వాగు నీళ్లల్ల హ్యూమిక్ ఆమ్లాలది ఋణావేశం. బట్టల పొడిలో ఎక్కువగా వాడే ఎల్‌ఏఎస్ (లీనియర్ ఆల్కైల్‌బెంజీన్ సల్ఫోనేట్) అనే సర్ఫాక్టెంటుదీ ఋణావేశమే. ఒకదాన్నొకటి నెట్టుకుంటయ్, తోకలు మాత్రం కొంచెం దగ్గరికి లాగుతయ్, కఠిన జలంల కాల్షియం మధ్యవర్తిత్వం చేస్తది. క్రిమినాశకాల్ల వాడే బెంజల్కోనియం క్లోరైడ్ అట్ల కాదు. దానిది ధనావేశం, హ్యూమిక్‌ను గట్టిగ పట్టుకుంటది. ఆవేశాలు సరిపోయిన కాడ రెండూ ముద్దగట్టి అడుగుకు దిగుతయ్. ఇంకా పోస్తే మళ్ల కరుగుతయ్! పుస్తకం పక్కన పెట్టి ఇది బీకరులో చేసి చూడు.

నీ అసలు చిక్కు డిటర్జెంటును కొలిచే మిథిలీన్ బ్లూ పరీక్షతోని. ఆ రంగుది ధనావేశం. ఋణావేశపు డిటర్జెంటుతో జతగట్టి క్లోరోఫారంలకు నీలంగా దిగుతది. హ్యూమిక్ కూడా అట్లనే కొంత నీలాన్ని దింపగలదు, అప్పుడు అంకె ఉన్నదానికంటే పెరుగుతది. ధనావేశపు సర్ఫాక్టెంటు కలిసి ఉంటే తగ్గుతది. తాగునీళ్లల్ల ఋణావేశపు డిటర్జెంట్లకు భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) పెట్టిన హద్దు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకని చోట 1 దాకా. అంత చిన్న అంకె కాడ దొంగ నీలం కొంచెమున్నా తీర్పు తిరగబడ్తది.

అందుకని కాలనీ మోరీ నదిల కలిసే చోటుకు ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా, అదే రోజు పట్టు. క్లోరోఫారం పొరను ఇంకోసారి నీళ్లతో కడుగు, దొంగ నీలం చాలావరకు పోతది. గాలి లాగే హుడ్ కిందనే చెయ్యి. సీసా మీద తేదీతో పాటు అంతకు ముందు రోజు వాన పడ్డదా లేదా కూడా రాయి.

మీ పెద్దనాయిన