శిక్షకుని మార్పు - జట్టు గెలుపు

విద్యార్థులారా! శిక్షకుని మార్చిన మాత్రముననే యోడిన జట్టు గెలుచునా? 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన విలియం కేరీ దొరగారు పూర్వము సంఘకాపరిగా నుండిన లెస్టరు పట్టణమందు దీనికి సమాధానము గలదు.

అచటి లెస్టరు టైగర్సు రగ్బీ క్లబ్బు 1880లో స్థాపింపబడెను. 2018లో మొదటి పందెమోడినంతనే ముఖ్య శిక్షకుడగు మాట్ ఓకానరును తొలగించిరి. ఫలమేమి? ఆ యేడు పండ్రెండు జట్లలో పదునొకండవ స్థానము. మరుసటి యేడును అంతియే.

2020లో స్టీవ్ బోర్త్‌విక్ శిక్షకుడయ్యెను. వెంటనే జయము కలుగలేదు. 2020-21లో ఆరవ స్థానమే దక్కెను. 2021 మే నెలలో ఛాలెంజి కప్పు తుది పందెమును 17-18తో, అనగా నొక్క పాయింటుతో, పోగొట్టుకొనిరి. అయినను ఈసారి శిక్షకుని తొలగింపలేదు. 2022 జూన్ 18న ట్వికెన్‌హామునందు సారసెన్సు జట్టును 15-12తో నోడించి, 2013 తరువాత మరల ఇంగ్లాండు విజేతలైరి.

మార్పు కొన్నియెడల నవసరమే. కాని తొందరపాటుతో చేసిన మార్పు రోగము నెరుగక మందు మార్చుట వంటిది. ఒక్క పరీక్షలో తప్పినంతనే గురువును నిందింపక, నేర్చినది ఫలించువరకు నోపికతో సాధన చేయుడు.