తులసీదాస్ బలరామ్

పాఠ్యభాగ ఉద్దేశం

పుట్టుకతో అబ్బిన ప్రతిభ గురుశిక్షణలో పదునెక్కి, పదిమంది గెలుపునకు వినియోగపడినప్పుడే సార్థకమవుతుందని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆంగ్లేయ సైనికుల వెంట మన దేశానికి వచ్చిన ఫుట్‌బాల్ క్రీడ కంటోన్మెంటు పట్టణాలలో వేళ్లూనుకొన్నది. అట్టి పట్టణాలలో సికింద్రాబాదు ఒకటి. దాని చెంతనున్న అమ్ముగూడలో, 1936లో, ఒక నిరుపేద కుటుంబంలో తులసీదాస్ బలరామ్ జన్మించారు.

ఆ కాలంలో హైదరాబాదు ఫుట్‌బాల్‌కు పెద్ద దిక్కు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయులైన ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ శిక్షకులు. బంతిని తానే అట్టిపెట్టుకొని మెప్పు పొందడం ఆయనకు రుచించదు. తగిన క్షణంలో తోటి ఆటగానికి అందించడమే అసలైన విద్య అని ఆయన నేర్పేవారు. బలరామ్‌లోని ప్రతిభను గుర్తించినవారు ఆయనే. సాధనకు రావడానికి దూరాభారం అడ్డురాగా, అద్దె సైకిలుకు డబ్బులిచ్చి శిష్యుని రప్పించుకొన్న గురువాయన.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. రాజధాని మన కర్నూలు నుండి హైదరాబాదుకు తరలింది. ఆ నెలలోనే మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలు ఆరంభమయ్యాయి. రహీం శిక్షణలోని భారత జట్టులో బలరామ్ ఒకరు. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోల్స్ తేడాతో ఓడించి, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం నేటికీ అంతకు మించిన స్థానం పొందలేదు.

1957లో బలరామ్ కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. 1961లో దానికి నాయకత్వం వహించారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీపైనా, పెరూపైనా గోల్స్ సాధించారు. రెండు ఆటలలోనూ జట్టు ఓడినా, ఆయన ఆట ఓడలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామిలతో కలిసి ఆడారు. తుదిపోరులో మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో జయించి స్వర్ణపతకం గెలుచుకొన్నది. అదే సంవత్సరానికి బలరామ్‌కు అర్జున పురస్కారం లభించింది.

ఆ విజయం గురుశిష్యుల ఉమ్మడి ప్రస్థానంలో తుది ఘట్టమైంది. క్యాన్సర్‌తో బాధపడుతూనే జట్టును నడిపించిన రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆ ఏడే అనారోగ్యం వల్ల బలరామ్ ఆటకు స్వస్తి పలికారు. అప్పటికాయనకు మూడు పదుల వయస్సైనా నిండలేదు. బెంగాల్‌లోనే స్థిరపడిన ఆయన 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పరమపదించారు.

క్రీడాకారుని కీర్తికి అతడు ఆడిన ఏండ్ల లెక్క కొలమానం కాదు. ఆడినన్నాళ్లు ఎవరి కొరకు ఆడాడన్నదే కొలమానం.

అర్థాలు

వేళ్లూనుకొను = స్థిరపడు
ప్రస్థానం = ప్రయాణం
కొలమానం = కొలిచే సాధనం

ప్రశ్నలు

1. రహీం బోధనలోని విశిష్టతను వివరించండి.
2. 1963వ సంవత్సరం గురుశిష్యుల జీవితాలలో తెచ్చిన మార్పులేవి?