రాత్రి గాలానికి సంచి బరువు

ప్రశ్న: మాది కాసిపేట, గనిలో పని. సెలవు ముందు రాత్రి ఎల్లంపల్లి జలాశయం ఒడ్డున బొచ్చె, రవ్వ చేపలకు గాలం వేస్తాను. సామాను మోయలేకపోతున్నాను. ఏం తగ్గించాలి?

జవాబు: ముందు ఎర సంచి చూడండి. తవుడు, పల్లిచెక్క ఇంట్లోనే తడిపి తెస్తున్నారా? పొడిగా తెచ్చి ఒడ్డున కలపండి. లీటరు నీళ్లంటే కిలో బరువు. షిఫ్టు దిగిన ఒంటికి అది తక్కువేం కాదు. తాగే నీళ్లు మాత్రం తగ్గించొద్దు. గాలం కర్రలు రెండు చాలు. గుడారం బదులు దోమతెర, పొయ్యి బదులు సర్వపిండి. తల లైటు, తాడు వదలొద్దు. వానాకాలంలో గోదావరి రాత్రికి రాత్రే పెరుగుతుంది, పడక ఎత్తుమీదే వేసుకోండి. వెళ్లేముందు అక్కడ గాలం వేయొచ్చో లేదో మత్స్య సహకార సంఘాన్ని అడగండి.