ఎర్ర దీపము చెప్పు మాట

కారు తాళము త్రిప్పగానే డ్రైవరు ఎదుట చిన్న ఎర్ర దీపము వెలుగును. ఇంజను అందుకొని వేగము పుంజుకొనగానే అది ఆరవలెను. ఆరకపోయినను, దారిలో మరల వెలిగినను ఏమి చేయవలెనో తెలియక మేమొకప్పుడు పడిన ఇబ్బందిని పంచాయతీ సభ్యులకు ముందుగా మనవి చేయుదుము.

కొన్ని సంవత్సరముల క్రితము శ్రీరామనవమి నాడు ప్రచార కార్యక్రమమునకై రామతీర్థము వెళ్లితిమి. కల్యాణము చూచి మరలుచున్న జనములో ఒక వృద్ధురాలు ఎండదెబ్బకు సొమ్మసిల్లినది. ఆ రద్దీలో అంబులెన్సు చేరుటకు ఆలస్యమగునని తలచి, మేము అద్దెకు తెచ్చుకొన్న పాత అంబాసిడరు కారులోనే ఆమెను పరుండబెట్టుకొని విజయనగరము ఆసుపత్రికి బయలుదేరితిమి. దూరము సుమారు 12 కిలోమీటర్లే. నెల్లిమర్ల చేరకముందే ఎర్ర దీపము వెలిగినది. "బేటరీ నిండుగానే ఉంది బాబూ, ఎలిపోదాం" అని డ్రైవరనెను. పట్టభద్రులమైన మాకును ఆ మాట సబబుగానే తోచినది! కొంత దూరము పోవునప్పటికి బానెట్టు సందులనుండి ఆవిరి చిమ్మి ఇంజను ఆగిపోయినది. వెనుక వచ్చుచున్న ఆటోవారొకరు దయతలచి ఆమెను ఎక్కించుకొనిరి గనుక ప్రాణము దక్కినది. బానెట్టు ఎత్తి చూడగా తెగినది ఫ్యాను బెల్టు.

దీపమునకును బెల్టునకును సంబంధమేమి? ఆ బల్బు ఒక కొస తాళము మీదుగా బ్యాటరీతోను, రెండవ కొస డైనమోతోను కలిసియుండును. డైనమో తిరుగనపుడు బ్యాటరీనుండి బల్బు గుండా కరెంటు ప్రవహించి దీపము వెలుగును. డైనమో తిరిగి, దాని ఓల్టేజి బ్యాటరీ ఓల్టేజితో సమానము కాగానే, త్రాసు తట్టలు రెండును సమముగా తూగినట్లు, ప్రవాహము నిలిచి దీపము ఆరును. కావున ఎర్ర దీపము బ్యాటరీ ఖాళీయైనదని చెప్పుట లేదు. బ్యాటరీకి రాబడి నిలిచినది, ఇక వ్యయమంతయు నిలువనుండియే యని చెప్పుచున్నది. పంచాయతీ పద్దులు చూచువారికి ఈ భేదము వివరింపనక్కరలేదు.

బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై ఉత్తరపాడలో తయారైన అంబాసిడరు ఉత్పత్తి 2014లో నిలిచినది. అయినను మిగిలిన పాతబండ్లు కొన్ని నేటికిని నడుచుచున్నవి. వానిలో డైనమోను, ఫ్యానును, నీటి పంపును త్రిప్పునది ఒకే బెల్టు. అది తెగినచో బ్యాటరీ నిండుగానున్నను ఇంజను నిమిషములలో కాగిపోవును. కావున దీపము వెలుగగానే బండిని ప్రక్కకు తీసి, ఇంజను ఆపి, ముందుగా బెల్టును చూడవలెను. కాగియున్న రేడియేటరు మూత మాత్రము తెరువరాదు. బెల్టు తెగకపోయినను వదులుగానుండవచ్చును. రెండు చక్రముల నడుమ బొటనవ్రేలితో నొక్కినపుడు సుమారు అరయంగుళము దిగుట సరియైన బిగువు.

బెల్టు సరిగానున్నచో డైనమోకు పోవు తీగలు వదులైనవేమో, చిలుము పట్టినవేమో చూడవలెను. అటు తరువాత డైనమోలోని కార్బన్ బ్రష్షులు అరిగినవా, కంట్రోల్ బాక్సు చెడినదా యనునది మెకానిక్కు తేల్చవలసిన పని. 12 ఓల్టుల బండిలో, ఇంజను వేగము కొంత పెంచినపుడు బ్యాటరీ కొసల మధ్య సుమారు 14 ఓల్టులు కనిపించినచో చార్జింగు జరుగుచున్నట్లే. డైనమో బండ్లలో ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు దీపము మినుకుమినుకుమని, వేగము పెంచగానే ఆరినచో భయపడనక్కరలేదు. ఇంజను వేగముగా తిరుగుచున్నను సన్నగా వెలుగుచుండుట మాత్రము తీగల కలయికలో లోపమునకు గుర్తు కావచ్చును.

తాళము త్రిప్పినను దీపము అసలే వెలుగకపోవుట శుభమని కొందరు సంతోషింతురు. బల్బు మాడియుండవచ్చును, అట్టి బండిలో హెచ్చరించువాడే లేడు.

ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, ఇంజను ఆగనిచో చార్జింగు ఉన్నదని తేల్చు అలవాటు పల్లెలలో కలదు. డైనమోకు బదులుగా ఆల్టర్నేటరు అమర్చిన బండిలో ఇట్లు చేసినచో దానిలోని డయోడులు మాడిపోవును. పెక్కు ట్రాక్టర్లలో ఉన్నదియు ఆల్టర్నేటరే గనుక, చెత్త సేకరణకు పంచాయతీ ట్రాక్టరు నడుపువారికి ఈ సంగతి తప్పక చెప్పవలెను.

బెల్టు చెక్కుచెదరక, డైనమో మాత్రమే చెడినచో పగటివేళ దీపములు, హారను వాడక కొంతదూరము పోవచ్చును. నడుమ ఇంజను ఆపరాదు, మరల సెల్ఫు తిరుగక పోవచ్చును. రాత్రివేళ ఆ సాహసము తగదు. ఆనాటి కారు డిక్కీలో బిందె, త్రాడు, రెండు దుప్పట్లు ఉండెను. మారు బెల్టు మాత్రము లేదు.